అల్మారాలో ఆ పుస్తకం ఉంటే మనిషి అలాంటివాడేనా? సుప్రీంకోర్టు ఏం చెప్పింది.. పాత కథలు ఏం చెబుతున్నాయి?

పెళ్లిచూపులకు వెళ్లినా, కొత్త రూమ్మేట్ గదిలోకి అడుగుపెట్టినా, వీడియో కాల్‌లో అవతలి వాళ్ల వెనకాల అల్మారా కనిపించినా.. చూపు ముందు పుస్తకాల మీదికే పోతుంది. చలం కనిపిస్తే ఒక లెక్క. మార్క్స్ కనిపిస్తే ఇంకో లెక్క. హిట్లర్ ఆత్మకథ కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు. 'ఈ పుస్తకాలు చదివే అబ్బాయిలతో జాగ్రత్త' అనే టైపు రీల్స్ మీరూ చూసే ఉంటారు. సరదాగా చేసేవే, నవ్వుకుని స్క్రోల్ చేసేస్తాం.

కానీ ఇదే లెక్క పోలీసుల పంచనామాలోకి, అక్కడి నుంచి కోర్టు హాల్లోకి వెళ్తే? మనిషి జైల్లో ఉండాలా, బయటికి రావాలా అనే వాదనలో అల్మారాలోని పుస్తకం కూడా ఒక పాయింట్ అయిపోతే? మన దేశంలో అదీ జరిగింది.

'వార్ అండ్ పీస్' గొడవ.. అసలేం జరిగింది?

2019 ఆగస్టు 28. బాంబే హైకోర్టులో వెర్నన్ గొంజాల్వెస్ బెయిల్ పిటిషన్ మీద వాదనలు నడుస్తున్నాయి. భీమా కోరేగావ్ - ఎల్గార్ పరిషత్ కేసులో సరిగ్గా ఏడాది ముందు, 2018 ఆగస్టు 28న, పుణె పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. ఇంట్లో సోదా చేసి పుస్తకాలు, సీడీలు పట్టుకెళ్లారు. ఆ జాబితా చూస్తూ జస్టిస్ సారంగ్ కొత్వాల్ అడిగిన ప్రశ్న ఆ రోజంతా మోగిపోయింది. 'వార్ అండ్ పీస్' లాంటి పుస్తకాలు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు అని.

అంతే. జడ్జిగారికి టాల్‌స్టాయ్ నవల కూడా అభ్యంతరకరంగా కనిపించిందా అంటూ సోషల్ మీడియా ఊగిపోయింది. ఎందుకు ఊగదు? 1869 నాటి నవల అది. ప్రపంచ సాహిత్యంలో గొప్ప పుస్తకాల జాబితా ఎవరు రాసినా అందులో ఉంటుంది. ఆ టాల్‌స్టాయ్‌తో గాంధీజీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. 1910లో జొహన్నెస్‌బర్గ్ దగ్గర పెట్టిన ఆశ్రమానికి ఆయన పేరే పెట్టుకున్నారు. మీమ్స్‌కి ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు అసలు విషయం బయటికొచ్చింది. ఆ పుస్తకం టాల్‌స్టాయ్‌ది కాదు. దాని పూర్తి పేరు 'వార్ అండ్ పీస్ ఇన్ జంగల్‌మహల్'. పశ్చిమ బెంగాల్ అటవీ ప్రాంతంలో ప్రజలు, ప్రభుత్వం, మావోయిస్టుల మధ్య నడిచిన ఘర్షణ మీద బిశ్వజిత్ రాయ్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాసాల సంపుటి. టాల్‌స్టాయ్ నవల గొప్ప సాహిత్యమని తనకూ తెలుసని, తాను పంచనామాలోని జాబితా చూసి అడిగానని జడ్జి కూడా వివరణ ఇచ్చారు. దాంతో అందరూ 'ఓహో.. ఇదా సంగతి' అనుకున్నారు. వార్త అక్కడితో చల్లబడింది.

నిజానికి అక్కడే ఆగి ఆలోచించాల్సింది. టాల్‌స్టాయ్ కాదని తెలియగానే జనం ఊరుకున్నారు. అంటే టాల్‌స్టాయ్ అయితే ప్రశ్న తప్పు, జంగల్‌మహల్ పుస్తకం అయితే ప్రశ్న కరెక్టే అన్నట్టు. సీజ్ చేసిన వాటిలో ప్రభుత్వం నిషేధించిన పుస్తకం ఒక్కటీ లేదని గొంజాల్వెస్ తరఫు లాయర్ చెప్పిన మాట ఈ గోలలో పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. సోదాలో దొరికింది ఏ పుస్తకమన్నది తర్వాతి సంగతి. ఒక పుస్తకం ఇంట్లో ఉండటం మనిషి గురించి ఏం రుజువు చేస్తుందన్నదే ముందు తేలాల్సిన ప్రశ్న.

తేలడానికి చాలా టైమే పట్టింది. 2019 అక్టోబరులో హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు. కారణం ఆ పుస్తకం ఒక్కటే కాదు, పోలీసులు వేరే ఉత్తరాలు, డాక్యుమెంట్లు కూడా చూపించారు. చివరికి 2023 జూలై 28న సుప్రీంకోర్టు గొంజాల్వెస్‌కు, ఆయనతో పాటు అరుణ్ ఫెరీరాకు బెయిల్ ఇచ్చింది. అప్పటికి వాళ్లు అరెస్టయి ఐదేళ్లు కావడానికి ఒక్క నెల తక్కువ. జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ సుధాంశు ధూలియా బెంచ్ తీర్పులోని ఒక మాట మన టాపిక్‌కి సూటిగా తగులుతుంది. ఒక మనిషి దగ్గర ఫలానా సాహిత్యం ఉన్నంత మాత్రాన, అందులో ఉన్నది హింసను రెచ్చగొట్టేదే అయినా సరే, అది దానంతట అదే ఉపా చట్టంలోని 4, 6 అధ్యాయాల కింద నేరం అయిపోదు. సింపుల్‌గా చెప్పాలంటే పుస్తకం ఉండటం వేరు, పని చేయడం వేరు. ఇది బెయిల్ దశలో చెప్పిన మాట. కేసులో దోషా, నిర్దోషా అన్నది విచారణలో తేలాల్సిందే.

సుప్రీంకోర్టు ఇలా అనడం ఇదే మొదటిసారి కూడా కాదు. 2011 ఏప్రిల్ 15న డాక్టర్ వినాయక్ సేన్‌కు బెయిల్ ఇస్తూ బెంచ్ ఒక చురక వేసింది. ఎవరి ఇంట్లోనైనా గాంధీ ఆత్మకథ దొరికితే ఆ మనిషి గాంధేయవాది అయిపోతాడా అని! నిజమే కదా. మన ఇళ్లలో ఎన్ని భగవద్గీతలు, ఎన్ని బైబిళ్లు, ఎన్ని 'సత్యశోధన'లు దుమ్ముపట్టి ఉన్నాయో లెక్క తీస్తే దేశమంతా మహాత్ములే ఉండాలి.

హైదరాబాద్‌లో అడిగిన ప్రశ్నలు

గొంజాల్వెస్ అరెస్టయిన రోజే పుణె పోలీసులు హైదరాబాద్‌లోనూ సోదాలు చేశారు. ఇఫ్లూ క్యాంపస్‌లో ఉండే ప్రొఫెసర్ కె.సత్యనారాయణ ఇల్లు అందులో ఒకటి. ఆయన విరసం నేత వరవరరావు అల్లుడు. ఆయన్ని అరెస్టు చేయలేదు. కానీ తనను ఏం అడిగారో తర్వాత ఆయన మీడియాకు చెప్పారు. ఇంట్లో ఇన్ని పుస్తకాలు ఎందుకు? ఇవన్నీ చదువుతారా? మావో ఎందుకు, మార్క్స్ ఎందుకు? గోడ మీద దేవుళ్ల ఫొటోలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలు ఎందుకు?

ఆయన పనే సాహిత్యం చెప్పడం. డాక్టర్ ఇంట్లో మందులు ఎందుకున్నాయని ఎవరూ అడగరు. ప్రొఫెసర్ ఇంట్లో పుస్తకాలు ఎందుకున్నాయని మాత్రం అడిగారు.

గోడ మీద ఫొటో ఉన్న ఆ అంబేద్కర్ సంగతే చూద్దాం. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆయన ఆధ్వర్యంలో మనుస్మృతిని తగలబెట్టారు. అదే అంబేద్కర్ మనుస్మృతిని చదివినంత శ్రద్ధగా దాన్ని నెత్తిన పెట్టుకున్న వాళ్లు కూడా చదివి ఉండరు. ఆయన రచనల్లో ఎన్నో చోట్ల శ్లోకాల నంబర్లతో సహా కనిపిస్తుంది. ముంబైలో పుస్తకాల కోసమే అన్నట్టు కట్టుకున్న ఆయన ఇంటికి, రాజగృహకి, ఎవరైనా పంచనామా పట్టుకుని వెళ్లి ఉంటే 'మనుస్మృతి దొరికింది' అని రాసుకునేవారు. ఆ లైన్ అబద్ధం కాదు. కానీ ఆ మనిషి గురించి దానికన్నా తప్పుదోవ పట్టించే లైన్ ఇంకోటి ఉండదు.

వివాదాస్పద పుస్తకాలు కొనేది ఎవరు?

మరి హిట్లర్ పుస్తకమో? అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాల పక్కనే 'మెయిన్ కాంఫ్' కనిపించడం మామూలే. మన దగ్గర దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. జర్మనీలో అలా కాదు. ఆ పుస్తకం కాపీరైట్ బవేరియా ప్రభుత్వం చేతిలో ఉండేది. 70 ఏళ్లు దాన్ని అచ్చు వేయనివ్వలేదు. 2015 చివర్లో గడువు ముగిసింది. 2016 జనవరిలో మ్యూనిక్‌లోని చరిత్ర పరిశోధన సంస్థ ఒకటి దాన్ని వివరణలతో సహా రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చింది. సుమారు 3,500 ఫుట్‌నోట్లు. హిట్లర్ ఎక్కడ అబద్ధం చెప్పాడో, ఎక్కడి నుంచి ఎత్తాడో అన్నీ రాసి మరీ.

మొదట 4,000 కాపీలు చాలనుకున్నారు. ఏడాదిలో 85,000 అమ్ముడయ్యాయి. నాజీలు మళ్లీ పుట్టుకొస్తున్నారేమో అని చాలామందికి గుండె ఝల్లుమంది. కానీ పుస్తకాల షాపుల నుంచి వచ్చిన సమాచారం చూసి ఆ సంస్థ ఏడాది తర్వాత చెప్పింది వేరు. కొన్నవాళ్లు ఎక్కువగా రాజకీయాలు, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు, వాటిని బోధించేవాళ్లు. పాత రోజులు మళ్లీ రావాలని కోరుకునే బ్యాచ్ కాదు.

ఇలాంటిదే ఇంకో కేసు. బ్రిటన్‌లో డేవిడ్ ఇర్వింగ్ అనే రచయిత ఉన్నాడు. హిట్లర్ చేయించిన యూదుల ఊచకోతను తక్కువ చేసి, తిరగరాసి పుస్తకాలు రాసినవాడు. అతన్ని అలా అన్నందుకు డెబోరా లిప్‌స్టాట్ అనే చరిత్రకారిణి మీద పరువు నష్టం కేసు వేశాడు. 2000 ఏప్రిల్‌లో ఓడిపోయాడు. ఎలా ఓడిపోయాడు? రిచర్డ్ ఎవాన్స్ అనే ప్రొఫెసర్, ఆయన శిష్యులు కలిసి ఇర్వింగ్ పుస్తకాలను రెండేళ్లకు పైగా చదివారు. ప్రతి ఫుట్‌నోట్ పట్టుకుని ఒరిజినల్ పత్రాలతో పోల్చారు. అతను ఎక్కడెక్కడ సాక్ష్యాలను వంచాడో కోర్టు ముందు పెట్టారు. ఆ రెండేళ్లలో ఎవాన్స్ టేబుల్ మీద ఏ పుస్తకాలు ఉండి ఉంటాయి? ఇర్వింగ్‌వే. దూరం నుంచి ఫొటో తీస్తే వీరాభిమానిలా కనిపించేవాడు.

2020 మేలో, లాక్‌డౌన్ టైంలో, నిజంగానే అలాంటి ఫొటో ఒకటి వైరల్ అయింది. బ్రిటన్ మంత్రి మైకేల్ గోవ్ ఇంటి అల్మారా ఫొటోను ఆయన భార్య, జర్నలిస్టు సారా వైన్ పోస్టు చేశారు. అందులో ఇర్వింగ్ పుస్తకం ఒకటి కనిపించింది. జాతికీ తెలివితేటలకూ లంకె పెట్టిందని తిట్లు తిన్న 'ది బెల్ కర్వ్' కూడా కనిపించింది. రెండు రోజుల రచ్చ. మంత్రిని విమర్శించడానికి ఆయన తీసుకున్న నిర్ణయాలు బోలెడు రికార్డులోనే ఉన్నాయి. అవి వదిలేసి అల్మారా ఫొటోని జూమ్ చేసి చూశారు జనం. ఈజీ కదా మరి.

కవర్లో ఏముందో..

అమెరికాలోని డెన్వర్‌లో జరిగింది ఇది. సినిమా కథలా ఉంటుంది. 2000లో పోలీసులు ఒక ట్రైలర్ ఇంట్లో డ్రగ్స్ తయారు చేసే ల్యాబ్ పట్టుకున్నారు. లోపల డ్రగ్స్ తయారీ మీద రెండు కొత్త పుస్తకాలు. బయట చెత్తలో 'టాటర్డ్ కవర్' అనే ఫేమస్ పుస్తకాల షాపు నుంచి వచ్చిన ఖాళీ కవర్. ఇంకేముంది, ఆ పుస్తకాలు ఆ కవర్లోనే వచ్చాయి, కొన్నవాడే నిందితుడు అని లెక్క తేల్చి, ఎవరు ఏం కొన్నారో చెప్పమని షాపు మీద పడ్డారు. ఓనర్ జాయిస్ మెస్కిస్ ఒప్పుకోలేదు. మా కస్టమర్ ఏం చదువుతున్నాడో పోలీసులకు చెప్పాల్సి వస్తే రేపు ఎవడూ ధైర్యంగా పుస్తకం కొనడు అన్నది ఆమె పాయింట్. 2002లో కొలరాడో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు ఇచ్చింది.

తీర్పు తర్వాత తెలిసిందేంటంటే ఆ కవర్లో వచ్చింది జపనీస్ అక్షరాలు నేర్పే పుస్తకం!

మనకు ఈ కథ ఇప్పుడు ఇంకా దగ్గరిది. అప్పట్లో ఒక కవర్, ఒక బిల్లు. ఇప్పుడు మీ ఫోన్లో ఈ-బుక్ యాప్ ఉంటే ఏ పేజీ దాకా చదివారో, ఏ లైన్ హైలైట్ చేశారో అన్నీ అవతల సర్వర్లో ఉంటాయి. పోటీ పరీక్షకు ప్రిపేర్ అవుతూ నక్సల్ ఉద్యమం మీద పుస్తకం డౌన్‌లోడ్ చేసుకున్న కుర్రాడినీ, ఉద్యమంలో చేరాలనుకునేవాడినీ ఆ లిస్టు వేరుచేసి చూపించదు.

రికమెండ్ చేస్తే?

చదవడం వేరు సరే, పక్కవాళ్లకు 'ఇది చదువు' అని చెప్పడం ఇంకా బాధ్యత ఉన్న పని కదా అని అడగొచ్చు. కరెక్టే. దీనికి మన తెలుగులోనే వందేళ్ల పైబడిన కేసు ఉంది, కాస్త వివరంగా చెప్పుకోవాల్సిందే.

18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనం' రాసింది. అలిగిన రాధను కృష్ణుడు బుజ్జగించే కథ. శృంగారం దాచకుండా, ఆడమనిషి కోరిక వైపు నుంచి రాసింది. తర్వాతి కాలంలో కందుకూరి వీరేశలింగం పంతులు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ఆమెను తిట్టిపోశారు. ఆడవాళ్లు వినకూడని మాటలు ఆడది రాయడమా అన్నది ఆయన బాధ. వితంతు వివాహాలు చేయించిన సంస్కర్త ఆయన. ఇక్కడ మాత్రం పుస్తకాన్ని బట్టి మనిషి శీలానికి మార్కులు వేసేశారు.

బెంగళూరు నాగరత్నమ్మ గొప్ప గాయని, దేవదాసీ కుటుంబంలో పుట్టింది. అప్పటికే అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు లేవని చూసి, ఒరిజినల్ ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించింది. ముందుమాటలో వీరేశలింగానికి సూటిగా జవాబిచ్చింది. సిగ్గు ఆడవాళ్లకు మాత్రమే ఉండాలా, మగ కవులకు అక్కర్లేదా అని అడిగింది. పంతులుగారు స్వయంగా చూసి అచ్చుకు ఒప్పుకున్న కావ్యాల్లో ఇంతకన్నా పచ్చి శృంగారం లేదా అని ఎత్తి చూపింది. ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

తర్వాత ఏమైంది? విమర్శ పుస్తకం దాటి మనిషి మీదికి పోయింది. రాసిందీ వేశ్యే, అచ్చు వేయించిందీ వేశ్యే అన్న ధోరణి. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలం పేరుతో కాపీలు స్వాధీనం చేసుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీకి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రధానిగా ఉన్న రోజుల్లో గానీ ఆ నిషేధం పోలేదు.

ఇప్పుడు అదే నాగరత్నమ్మ మిగతా జీవితం చూడండి. 1920లలో తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉంటే తన సొంత ఆస్తి ఖర్చుపెట్టి గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే పోరాడి పాడే హక్కు తెచ్చింది. 1952లో చనిపోయింది. త్యాగరాజు సమాధికి ఎదురుగా ఇప్పటికీ ఆమె విగ్రహం ఉంటుంది. 1910లో ఆమె రికమెండ్ చేసిన పుస్తకాన్ని చూసి మార్కులు వేసినవాళ్లకు ఈ నాగరత్నమ్మ కనిపించే ఛాన్సే లేదు. పోనీ జాగ్రత్తగా చూస్తే? రెండు చోట్లా ఒకే మనిషి. ఆడవాళ్ల గొంతు నొక్కేస్తే ఊరుకోని మనిషి. ఆ పుస్తకం ఆమె గురించి నిజమే చెప్పింది, కాకపోతే టైటిల్ చూసి తిట్టినవాళ్లకు కాదు, ఆమె రాసిన ముందుమాట చదివినవాళ్లకు చెప్పింది.

రికమెండేషన్‌లో చూడాల్సింది అదే. పుస్తకం పేరు కన్నా దాంతో పాటు వచ్చే మాట. ఒక ఫ్రెండ్ 'మెయిన్ కాంఫ్' చేతిలో పెట్టి, 'ఒక దేశం మొత్తం ఎలా పిచ్చిలో పడిందో అర్థమవుతుంది, చదువు' అన్నాడనుకోండి. ఇంకో ఫ్రెండ్ అదే పుస్తకం ఇచ్చి, 'లీడర్ అంటే ఇలా ఉండాలి' అన్నాడనుకోండి. పుస్తకం ఒకటే, మనుషులు ఒకటి కాదు. రెండో ఫ్రెండ్ విషయంలో మీకు అనుమానం వస్తే అది న్యాయమే. ఎందుకంటే అతను నోరు విప్పి చెప్పాడు. నా అభిప్రాయంలో ఇక్కడ మొహమాటపడాల్సిన పని కూడా లేదు. ఎవరేం చదివినా మనకెందుకు అనేసి తప్పుకోవడం, పేరు చూసి బ్లాక్ చేయడం.. రెండూ బద్ధకమే. 'ఇందులో నీకు ఏం నచ్చింది?' అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం.

కానీ ఆ హంతకుడి దగ్గర పుస్తకం దొరికిందిగా?

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ఉదాహరణ తెస్తారు. 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపిన మార్క్ డేవిడ్ చాప్‌మన్ దగ్గర 'ది క్యాచర్ ఇన్ ద రై' నవల ఉంది. ఇదే తన వాంగ్మూలం అని అందులో రాసుకున్నాడు కూడా. అప్పటి నుంచి ఆ పుస్తకానికి ఒక మచ్చ. కానీ లెక్క చూడండి. ఆ నవల ఆరు కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. అమెరికా స్కూళ్లలో పాఠంగా చెబుతారు. చదివిన కోట్ల మందిలో ఒక్కడు చేసిన పనికి పుస్తకాన్ని గుర్తుగా పెట్టుకుంటే, ఆ గుర్తు పట్టుకుని మీరు పట్టుకునేవాళ్లలో దాదాపు అందరూ అమాయకులే అవుతారు.

మన దగ్గర చలం పాఠకులకు జరిగింది ఇలాంటిదే. 'మైదానం' చేతిలో కనిపిస్తే ఆ అమ్మాయి చెడిపోయినట్టే అనుకున్న ఇళ్లు ఎన్నో. అట్ట వేసుకుని, పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివిన తరాలు ఉన్నాయి. వాళ్లలో టీచర్లయ్యారు, బ్యాంకు ఉద్యోగులయ్యారు, బామ్మలయ్యారు. చలం మాత్రం 1950లో అరుణాచలం వెళ్లిపోయి రమణాశ్రమం దగ్గరే చివరిదాకా ఉండిపోయారు.

ఇంతకీ నిషేధం అంటే ఏంటి?

చాలామందికి ఒక డౌట్ ఉంటుంది, వివాదం అయిన పుస్తకం దగ్గర పెట్టుకుంటేనే నేరమా అని. కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు చెప్పి నోటిఫికేషన్ ఇవ్వాలి. పాత సీఆర్పీసీలో అది సెక్షన్ 95. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 98. దాన్ని హైకోర్టులో సవాలు చేయొచ్చు. విదేశాల నుంచి రాకుండా కేంద్రం కస్టమ్స్ చట్టం కింద ఆపొచ్చు. టీవీ డిబేట్‌లో గొడవ జరిగితే అది నిషేధం కాదు.

ఒక్కోసారి నిషేధం ఉందని అందరూ నమ్మినా అది ఎక్కడుందో దొరకదు. సల్మాన్ రష్దీ 'ది సటానిక్ వర్సెస్' దిగుమతిని 1988లో కేంద్రం ఆపేసింది. అప్పటి నుంచి ఆ పుస్తకం ఎవరి ఇంట్లోనైనా కనిపిస్తే అదోలా చూసేవాళ్లు. కొందరు దాన్ని బీరువాలో బట్టల కింద దాచుకున్నారు. 2019లో ఒక పాఠకుడు ఆ ఉత్తర్వును సవాలు చేస్తూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ఆ నోటిఫికేషన్ కాపీ చూపించండి అని అధికారులను అడిగితే ఏళ్లు గడిచినా ఎవరూ తెచ్చి చూపించలేకపోయారు. చివరికి 2024 నవంబరులో, అలాంటి నోటిఫికేషన్ లేదనే అనుకోవాల్సి వస్తోందని చెప్పి కోర్టు కేసు మూసేసింది. డిసెంబరుకల్లా ఢిల్లీలో ఒక పుస్తకాల షాపు ఆ పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది.